పెట్టెకు కిటికీ ఉందా?

(ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుస దాకా వినిపిస్తోందా? వినిపిస్తున్నవాళ్లు చెయ్యెత్తండి. సరే, చాలామంది ఎత్తారు. "వినిపించనివాళ్లు చెయ్యెత్తండి" అంటే ఒక్కరూ ఎత్తరు కదా! నవ్వండి, కానీ ఈ జోకు కాస్త గుర్తుపెట్టుకోండి. తర్వాత మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నాకిచ్చిన అంశం "బడిలో డిజిటల్ నైపుణ్యాలు, ఏఐ అక్షరాస్యత". పేరు పెద్దదే. ఏఐ అంటే కృత్రిమ మేధ. నేను లెక్కల టీచర్ని. కంప్యూటర్ సైన్సు చదువుకోలేదు. పదహారేళ్ల కిందట మా బడికి కంప్యూటర్లు వచ్చిన రోజు స్టాఫ్‌రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. ల్యాబు తాళంచెవి నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు. అప్పట్నుంచీ అది నా దగ్గరే ఉంది. కాబట్టి ఇప్పుడు మాట్లాడేది నిపుణురాలు కాదు, తాళంచెవి ఉన్న మనిషి. మీలోనూ అలాంటివాళ్లు చాలామందే ఉండి ఉంటారు.

మొదట ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ తాళం తీసుకున్న మొదటి అయిదారేళ్లు నేను నేర్పింది ఏమిటో తెలుసా? మెనూలు. అక్షరాలు లావుగా కావాలంటే ఎక్కడ నొక్కాలి, పేజీ అడ్డంగా కావాలంటే ఎక్కడ నొక్కాలి. పరీక్షలో అదే అడిగాను, పిల్లలు అదే బట్టీపట్టారు. తర్వాత సాఫ్ట్‌వేర్ మారింది, మెనూ ఒక చోటు నుంచి ఇంకో చోటికి పోయింది, ఆ చదువంతా నీళ్లపాలైంది. ఇప్పుడు "పిల్లలకు ఏఐ నేర్పుతున్నాం" అని ఎవరైనా అంటే ఏం నేర్పుతున్నారో అడుగుతాను. "ప్రాంప్టు ఎలా రాయాలో" అంటారు, అంటే ఏఐని ఏం చేయమని ఎలా అడగాలో. నాకు ఆ పాత మెనూలే గుర్తొస్తాయి. ఇవాళ రాసే పద్ధతి ఏడాది తిరిగేసరికి అవసరమే ఉండకపోవచ్చు. మరి పిల్లవాడి దగ్గర మిగిలేదేమిటి?

ఇది కొత్త గొడవేం కాదు. 1967లో సీమూర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్జైగ్ కలిసి పిల్లల కోసం లోగో అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. తెర మీది తాబేలుకు "ముందుకు ఇంత, కుడికి ఇంత" అని చెప్పి బొమ్మ గీయించడం మనలో కొందరు చేసే ఉంటారు. అందులో పిల్లే కంప్యూటరుకు నేర్పుతుంది. 1967లో! అక్కడ మొదలై మనం ఎక్కడికి వచ్చాం? "ఇక్కడ నొక్కు" దగ్గరికి. పోనీయండి, ఆ బాధ ఇంకోసారి చెప్పుకుందాం.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి ఫోన్లో వీడియో చేసి చూపించింది. పాట పెట్టింది, అక్షరాలు ఎగురుతూ వచ్చి కూర్చుంటున్నాయి. నాకు చచ్చినా రాదు అది. "చాలా బాగుందమ్మా, ఆ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో వెయ్యి" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసి "ఫైలంటే ఏది టీచర్?" అంది. గ్యాలరీలో ఉందంటుంది. గ్యాలరీ ఎక్కడుంది? ఫోన్లో. ఫోన్లో ఎక్కడ? తెలీదు. ఫోల్డర్ అంటే ఏమిటో తెలీదు. డౌన్‌లోడ్ చేసింది ఎక్కడికి పోయిందో తెలీదు. తను చూసేది ఫోన్లో ఉందో, ఎక్కడో వేరే ఊళ్లోని కంప్యూటర్లో ఉందో తెలీదు.

వీళ్లు పుట్టుకతోనే డిజిటల్ పిల్లలని మనం మురిసిపోతాం. ఫ్యాను కింద పుట్టినంత మాత్రాన ఎలక్ట్రీషియన్ అయిపోతారా ఎవరైనా? వాడటం వేరు, దాని లోపల ఏం జరుగుతోందో తెలియటం వేరు. ఫైలు, ఫోల్డరు, కాపీకీ తరలించడానికీ తేడా, ఇవి పాతకాలపు పాఠాలని ఎగరగొట్టకండి. తన వస్తువు ఎక్కడుందో తెలియనివాడు దాన్ని కాపాడుకోలేడు కదా.

తెలుగు టీచర్లు ఎంతమంది ఉన్నారిక్కడ? ఈ పాఠం మీకోసం. పిల్లల చేత కంప్యూటర్లో "స్త్రీ" అని టైపు చేయించండి. ఎన్ని అక్షరాలు అని అడగండి. "ఒకటే" అంటారు. ఇప్పుడు ఒక్కోసారి బ్యాక్‌స్పేస్ నొక్కమనండి. చాలా చోట్ల ఒక్క దెబ్బకు మొత్తం పోదు. ముందు గుడి పోతుంది. తర్వాత ర-వత్తు కరుగుతుంది. అలా అలా చివరికి "స" మిగులుతుంది. ఎందుకంటే మనకు ఒక్క అక్షరమైన స్త్రీ కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్ పట్టికలో తెలుగుకిచ్చిన ఒక్కో సంకేతం, వెబ్‌లో ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో దాస్తే, మూడు బైట్లు, అంటే మూడు గడుల జాగా, తీసుకుంటుంది. మొత్తం పద్దెనిమిది. ఇంగ్లీషు "ఎ" అక్షరానికి ఒక్క బైటు చాలు. ఈ పాఠం చెప్పిన రోజు ఒక పిల్లవాడు గంటసేపు బ్యాక్‌స్పేస్ నొక్కుతూనే ఉన్నాడు. తెర మీద కనిపించేది వేరు, లోపల ఉండేది వేరు అని వాడికి నేను చెప్పనక్కర్లేకపోయింది.

ఇక ఏఐకి వస్తాను. ఏడో తరగతి, ల్యాబులో కరెంటు లేదు, పాఠమేమో ఏఐ. ఏం చేయాలి? ఒక్కొక్కర్నీ వాన గురించి మూడేసి వాక్యాలు రాయమన్నాను. పక్కవాళ్లది చూడకుండా. అవన్నీ పోగేసి ఏ మాట తర్వాత ఏ మాట వచ్చిందో చీటీలు కోశాం. "వాన" తర్వాత వచ్చినవన్నీ ఒక పెట్టెలో వేశాం. "పడితే" తర్వాత వచ్చినవి ఇంకో పెట్టెలో. అట్టపెట్టెలు చాలక టిఫిన్ డబ్బాలు కూడా వాడాం. వాన పెట్టెలో "పడింది" చీటీలు గుట్టగా ఉన్నాయి. "కురిసింది" కొన్ని. "వెలిసింది" మూడే మూడు.

ఇప్పుడు ఒకడు కళ్లు మూసుకుని వాన పెట్టెలో చెయ్యి పెడతాడు. "పడితే" వచ్చింది. పడితే పెట్టెకు వెళ్లి తీస్తే "బడికి". దాని పెట్టెలో తీస్తే "సెలవు". "వాన పడితే బడికి సెలవు." తరగతంతా చప్పట్లు! పెట్టెలు వాక్యం రాసేశాయి. ఇంకోసారి తీశాం. "వాన పడింది గొడుగు ఎండలో తడిసింది" అని వచ్చింది. ఒకటే నవ్వు. వ్యాకరణం దాదాపు సరిపోయింది, అర్థమే లేదు. ఎక్కువ చీటీలున్న మాటే ఎక్కువసార్లు వస్తోందని వాళ్లే కనిపెట్టారు. అది సంభావ్యత పాఠం. లెక్కల టీచర్ని కదా, లోపల్లోపల పండగ చేసుకున్నాను.

అప్పుడు చివరి బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. రోజూ నోరు విప్పని పిల్ల. "టీచర్, ఇప్పుడు బయట ఎండగా ఉంది కదా. అయినా పెట్టె వాన పడింది అనే అంటుందా?"

నేనేమీ చెప్పలేదు. "ఆ పెట్టెకు కిటికీ ఉందా?" అన్నాను. అందరూ పెట్టె వైపు చూశారు. నిజంగా లేచి వచ్చి చూసినవాళ్లూ ఉన్నారు. లేదు. పెట్టెకు తెలిసింది మనం రాసిన మాటలు. బయట ఎండో వానో దానికి తెలీదు. ఏఐ ఎందుకు అంత ధీమాగా అబద్ధం చెబుతుందో వివరించడానికి నేను పెద్దపెద్ద వ్యాసాలు చదివాను. ఆ పిల్ల ఒక్క ప్రశ్నతో అక్కడికి చేరిపోయింది.

నిజం చెప్పాలంటే ఇప్పటి చాట్‌బాట్లు, అంటే మనతో సంభాషించే ఏఐలు, మా టిఫిన్ డబ్బాల కంటే చాలా పెద్దవి. ముందున్న ఒక్క మాటనే కాదు, అంతకుముందు నడిచిన సంభాషణంతా లెక్కలోకి తీసుకుంటాయి. వాటి లోపల ఉండేవి చీటీలు కావు, కోట్లాది అంకెలు. ఏ జవాబు మేలో మనుషుల చేత చెప్పించి మళ్లీ శిక్షణ ఇస్తారు. కొన్నింటికి ఇంటర్నెట్‌లో వెతికే పనిముట్టు కూడా తగిలించారు, అంటే కిటికీ పెట్టారన్నమాట. ఇవన్నీ మా పిల్లలకు చెప్పాను. కానీ తర్వాతి మాటను ఊహించడమే దాని మూలపని. కిటికీ ఉన్నా, చూసి చెబుతోందా, చూడకుండా చెబుతోందా? అది అడగటం మన వంతు. ఇప్పుడు మా తరగతిలో ఇదొక సామెత అయిపోయింది. ఎవరైనా గాలికబురు మోసుకొస్తే చాలు, "కిటికీ ఉందా?" అని అరుస్తారు. ఒకసారి నన్నే అన్నారు. రేపు పరీక్ష ఉండకపోవచ్చని నేను విన్నది విన్నట్టు చెప్పాను లెండి.

పెద్దవాళ్లు ఇందులో పడరనుకుంటున్నారా? 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు కోర్టుకు ఇచ్చిన పత్రంలో పాత తీర్పులు చూపించారు. అవి చాట్‌జీపీటీ అనే చాట్‌బాట్ చెప్పినవి. అలాంటి కేసులే లేవు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. నాకు ఆసక్తి కలిగించింది జరిమానా కాదు. మధ్యలో అనుమానం వచ్చి, ఆ కేసు నిజమేనా అని ఒక లాయరు ఎవర్ని అడిగాడో చూడండి. ఆ చాట్‌జీపీటీనే! అది నిజమేనంది. పెట్టెను పెట్టె గురించే సాక్ష్యం అడిగాడు.

మరి సాక్ష్యం ఎక్కడ అడగాలి? దీని మీద అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ చేసిన పని ఉంది. పీహెచ్‌డీలున్న చరిత్రకారులు పదిమంది, వార్తలు సరిచూసే వృత్తివాళ్లు పదిమంది, విద్యార్థులు ఇరవై అయిదుమంది. అందర్నీ కొన్ని వెబ్‌సైట్లు నమ్మదగినవో కాదో తేల్చమన్నారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది ఆ పేజీనే పైనుంచి కిందికి చదివారు. సంస్థ గుర్తు బాగుందా, పేరు గంభీరంగా ఉందా అని చూసి మోసపోయారు. వార్తలు సరిచూసేవాళ్లు మాత్రం పేజీని దాదాపు చదవనే లేదు. వెంటనే పక్కన ఇంకో ట్యాబు తెరిచి, ఈ సంస్థ ఎవరిది, దీని గురించి బయటివాళ్లు ఏమంటున్నారు అని వెతికారు. ఎక్కువ చదివినవాళ్ల కంటే తక్కువ చదివి బయటికి వెళ్లినవాళ్లే త్వరగా, సరిగ్గా తేల్చారు.

మనం పిల్లలకు ఏం చెబుతాం? "జాగ్రత్తగా చదువు, శ్రద్ధగా చదువు." మోసం చేయడానికి రాసిన పేజీని శ్రద్ధగా చదివితే ఏమవుతుంది? శ్రద్ధగా మోసపోతాం. ఇంకో ట్యాబు తెరవటం పది నిమిషాల్లో నేర్పొచ్చు. ఏఐ ఇచ్చిన జవాబుకూ అదే వైద్యం.

నా పరువు పోయిన కథ కూడా చెబుతాను. టీచబుల్ మెషీన్ అని గూగుల్ 2017లో తెచ్చింది. బ్రౌజర్లోనే నడుస్తుంది. కెమెరాకు కొన్ని బొమ్మలు చూపించి, ఇది ఫలానా, అది ఫలానా అని నేర్పొచ్చు. హెడ్మాస్టరు గారిని పిలిచి ప్రదర్శన పెట్టాను. ఒక పిల్లవాడు పెన్ను పట్టుకుని నిలబడ్డాడు, ఇంకొకడు పుస్తకం పట్టుకుని. నేర్పాం. బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత సరదాకి ఇద్దరూ వస్తువులు మార్చుకున్నారు. మొదటివాడి చేతిలో పుస్తకం ఉన్నా అది "పెన్ను" అంటోంది. ఏమీ పట్టుకోకుండా ఉత్త చేతులతో వచ్చినా "పెన్ను" అనే అంటోంది! హెడ్మాస్టరు గారు నా వంక చూశారు. అది పెన్నును నేర్చుకోలేదండీ, ఆ పిల్లవాణ్ణి నేర్చుకుంది. నేర్పింది ఎవరు? నేనే. ఒక్కడి చేతే పెన్ను పట్టించాను, తప్పు నాది.

అదే ప్రదర్శన సరిగ్గా జరిగి ఉంటే అందరూ చప్పట్లు కొట్టి ఇంటికి పోయేవాళ్లు. అది చెడిపోయింది కాబట్టి రెండు పీరియడ్లు మాట్లాడుకున్నాం. అందరి చేతా అన్నీ పట్టించారు, గోడ మార్చారు, వెలుతురు మార్చారు. మీరు చేస్తే దయచేసి ముందే రిహార్సల్ వేసి తప్పు లేకుండా చేయకండి.

ఇక్కడే మొదటి జోకు పనికొస్తుంది. వినిపించనివాళ్లు చెయ్యెత్తరు. ఏఐ నేర్చుకున్న రాతల్లో లేనివాళ్లు కూడా చెయ్యెత్తరు. ఇంటర్నెట్‌లో ఇంగ్లీషు రాత ఎంత, తెలుగు రాత ఎంత? పోలికే లేదు. అందుకే అదే ప్రశ్న తెలుగులో అడిగితే జవాబు పలచబడొచ్చు, ఒక్కోసారి తెలుగు లిపిలో ఇంగ్లీషు వాక్యంలా ఉంటుంది. పిల్లల చేత ఒకే ప్రశ్న రెండు భాషల్లో అడిగించి పక్కపక్కన పెట్టి చూపించండి. ఎవరి మాట అందులో లేదు అనే ప్రశ్న వాళ్లే వేస్తారు.

సరే, మీరంతా ఎదురుచూస్తున్న చోటికి వస్తున్నాను. హోంవర్కు. "ఏఐతో చేసుకొస్తున్నారండీ, ఏం చేయాలి?" టీ విరామంలో అప్పుడే నలుగురు అడిగారు. నిషేధించాలా, వదిలేయాలా?

టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు 1,000 మంది పిల్లలతో లెక్కల్లోనే ఒక ప్రయోగం చేశారు. ఫలితాలు 2024లో బయటికొచ్చాయి. కొందరికి పుస్తకం మాత్రమే. కొందరికి మామూలు చాట్‌బాట్. కొందరికి జవాబు చెప్పేయకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్ల సాయంతో తయారుచేసిన చాట్‌బాట్. సాధన చేసేటప్పుడు మామూలు చాట్‌బాట్ ఉన్నవాళ్లు పుస్తకం వాళ్లకంటే 48 శాతం మెరుగ్గా చేశారు. సూచనల చాట్‌బాట్ వాళ్లయితే 127 శాతం. తల్లిదండ్రులు ఆ రోజు చూసి ఉంటే మురిసిపోయేవాళ్లు. తర్వాత చాట్‌బాట్ తీసేసి పరీక్ష పెట్టారు. మామూలు చాట్‌బాట్ వాడినవాళ్లు, అసలు ఏమీ వాడనివాళ్లకంటే 17 శాతం వెనకబడ్డారు. సూచనల వాళ్లు వెనకబడలేదు, కానీ ముందుకూ పోలేదు, పుస్తకం వాళ్లతో సమానంగా ఉన్నారు.

ఆ 127 ఎక్కడికి పోయింది? ఒక్కసారి ఆలోచించండి. అది పిల్లలది కాదు, యంత్రానిది. మనం సాధన మార్కులు చూసి పిల్ల నేర్చుకుందనుకుంటున్నాం. ఇది తెలిశాక నేను ఒకటి మార్చాను. ఇంటి లెక్కలకు మార్కులు తీసేశాను. మార్కు లేకపోతే దొంగతనం చేయాల్సిన పనేముంది? పొద్దున వచ్చాక ఎవరో ఒకరిని బోర్డు దగ్గరికి పిలిచి, "నువ్వు చేసినదాంట్లో ఈ మెట్టు ఎందుకొచ్చింది?" అంటాను. ఏఐని అడిగి అర్థం చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. ఎందుకొచ్చిందో చెప్పగలగాలి. అంతే.

ఏఐ రాసిందో కాదో పట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా అంటారేమో. ఇది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గు. ఒక అబ్బాయి గోడపత్రికకు వ్యాసం రాసుకొచ్చాడు. మరీ బాగుంది. అలాంటి ఒక సాధనంలో పెట్టి చూశాను, ఏఐ రాసిందని చూపించింది. తరగతిలో అందరి ముందూ "నిజం చెప్పు, ఎవరు రాశారు?" అని అడిగాను. వాడు ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున రఫ్ నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. పదకొండు పేజీలు. కొట్టివేతలు, బాణం గుర్తులు, ఒక చోట "ఈ మాట బాలేదు" అని తనకు తనే రాసుకున్నాడు. అందరి ముందూ అడిగాను కాబట్టి అందరి ముందే క్షమాపణ చెప్పాను. వాడు ఆ తర్వాత చాలాకాలం నాకు ఏమీ రాసి చూపించలేదు.

చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్ఏఐయే 2023 జనవరిలో ఇలాంటి గుర్తింపు సాధనం ఒకటి విడుదల చేసింది. వాళ్ల లెక్కల ప్రకారమే ఏఐ రాతల్లో 26 శాతాన్నే పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ రాసిందని పొరబడింది. సరిగ్గా పనిచేయడం లేదని ఆ జులైలోనే తీసేశారు. నలభైమంది తరగతిలో 9 శాతం అంటే ఎంతమందో లెక్కేసుకోండి. ముగ్గురో నలుగురో పిల్లలు, చేయని తప్పుకు తల దించుకుని నిలబడతారు. ఆ సాధనాన్ని నేను అడగాల్సింది కూడా ఆ ప్రశ్నే కదా, నీకు కిటికీ ఉందా అని. పిల్లలకు నేర్పి నేను మర్చిపోయాను. ఇప్పుడు వ్యాసంతోపాటు చిత్తుప్రతి కూడా అడుగుతాను. చిత్తుప్రతి మీద మెచ్చుకుంటూ రెండు మాటలు రాస్తాను.

వేగంగా ఇంకొన్ని. పాస్‌వర్డు పొడుగ్గా పెట్టుకోమనండి, ఒకటే అన్నిచోట్లా వాడొద్దనండి. స్నేహితురాలి ఫొటో, ఇంటి విషయాలు, జబ్బుల సంగతి చాట్‌బాట్‌లో పెట్టొద్దనండి. మనం కూడా పిల్లల మార్కుల జాబితా, పేర్లతో సహా, అందులో అతికించొద్దు. చేస్తున్నారని నాకు తెలుసు, తల తిప్పుకోకండి! తరగతిలో స్వతంత్రంగా ఏఐ వాడటానికి పదమూడేళ్ల కనీస వయసు ఉండాలని యునెస్కో 2023 మార్గదర్శకాల్లో చెప్పింది. 2024లో విద్యార్థులకు ఒకటి, ఉపాధ్యాయులకు ఒకటి, ఏఐ సామర్థ్యాల చట్రాలు, అంటే ఎవరికి ఏమేం తెలిసి ఉండాలో చెప్పే పత్రాలు, కూడా ఇచ్చింది. ఉపాధ్యాయులది ముందు చదవండి.

కంప్యూటర్లు తక్కువ, పిల్లలు ఎక్కువ అనే బాధ మీ అందరికీ ఉంది. నలుగురికి ఒకటి ఇస్తే ఏం జరుగుతుంది? మౌసు ఒక్కడి చేతిలోనే ఉంటుంది, ఏడాదంతా. మిగతా ముగ్గురూ ప్రేక్షకులు. చాలాసార్లు ఆ ప్రేక్షకులు ఆడపిల్లలే. మా ల్యాబులో ఒక నియమం పెట్టాను. మౌసు పట్టుకున్నవాళ్లు నోరెత్తకూడదు, ఏం చేయాలో చెప్పేవాళ్లు మౌసు ముట్టకూడదు. పది నిమిషాలకోసారి మార్పు. మొదటి వారం గోలగోల. తర్వాత ఒక చమత్కారం చూశాను. చెప్పేవాళ్లు "అది నొక్కు, ఇది నొక్కు" అంటే అవతలివాళ్లకు అర్థం కావడం లేదు. దాంతో "ఎడమ పైమూల మూడో గుర్తు" అని కచ్చితంగా చెప్పడం అలవాటైంది. ప్రాంప్టు రాయడం నేర్పాలని మీకు ఉబలాటంగా ఉంటే అదిగో, అక్కడుంది.

నాకిచ్చిన సమయంలో ఇంకో పదిహేను నిమిషాలున్నాయి, అవి మాటలతో తినేయను. మీ కుర్చీ కింద తెల్లకాగితం, పెన్సిలు ఉంటాయి, తీయండి. "టీచర్" అనే మాటతో మొదలయ్యే వాక్యాలు మూడు రాయండి. ఇంతమందిలో టీచర్ గురించి మన పెట్టె ఏం చెబుతుందో చూద్దాం. ముందు వరుసవాళ్లు చీటీలు కోయడానికి కత్తెరలు తీసుకోండి. పక్కవాళ్లది చూడకండి. మాస్టారూ, మీకే చెబుతున్నాను.